చిన్న తెరచాప పడవలో ఎలక్ట్రానిక్స్ బిగించే ముందు జాగ్రత్తలు

ముందు బ్యాటరీ స్విచ్ ఆఫ్ చేయండి, ఆ తర్వాతే డ్రిల్ చేతిలోకి తీసుకోండి.

పడవ గాలికి 20–30 డిగ్రీలు ఒరిగి, అలల మీద ఎగిరి పడుతుంటుంది కాబట్టి గోడకు టీవీ బిగించినట్టు నాలుగు స్క్రూలు వేసి వదిలేస్తే కుదరదు. బరువున్నవాటికి బోల్టు అవతలిదాకా వెళ్లాలి, వెనక ఒక పలక, పెద్ద వాషర్లు, లాక్ నట్లు ఉండాలి. ఉప్పునీటి తుప్పును బాగా తట్టుకునే 316 రకం స్టెయిన్‌లెస్ స్టీలే వాడండి. రెండువైపులా అంటుకునే టేప్ అంటారా, ఎండకి కరిగి ఎప్పుడో ఊడుతుంది.

రంధ్రం వేసేముందు వెనక ఏముందో చేత్తో తడిమి చూసుకోండి. వైర్లు ఉండొచ్చు, నీళ్ల ట్యాంకు ఉండొచ్చు, లేదా నేరుగా పడవ అడుగే ఉండొచ్చు! డ్రిల్ బిట్‌కి ఎంత లోతు కావాలో అక్కడ టేప్ చుట్టుకుంటే టెన్షన్ ఉండదు. డెక్ (పడవ పైతలం) లోపల చెక్క ఉంటే రంధ్రం అంచులకు ఎపాక్సీ (గట్టిపడే జిగురు) పట్టించాలి, లేకపోతే నీరు దిగి చెక్క లోలోపలే కుళ్లిపోతుంది, అది బయటపడేసరికి పని చాలా పెద్దదవుతుంది.

స్పీకర్లలో అయస్కాంతం ఉంటుంది, దిక్సూచికి కనీసం 1 మీటరు దూరం పెట్టండి. బిగించాక పరికరాలన్నీ ఆన్ చేసి ముల్లు కదులుతోందా చూడండి.

వైరు పరికరంలోకి వెళ్లేముందు కిందికి ఒక వంపు ఇస్తే నీటిచుక్క అక్కడే రాలిపోతుంది. టిన్ పూత వైరు వాడండి. ఫ్యూజు బ్యాటరీకి దగ్గర్లోనే. బ్యాటరీని కూడా పట్టీతో కట్టారా? చాలామంది మర్చిపోయేది అదే.