శరీర కదలికను వర్ణించడం ఎలా? ముందు ఇరుసు వెతకండి

పదిమందిని వరుసగా నిలబెట్టి "చేయి ఎత్తండి" అనండి. కొందరు ముందుకు ఎత్తుతారు, కొందరు పక్కకు ఎత్తుతారు, ఎవరో ఒకరు మోచేయి మడిచి అరచేయి చూపిస్తారు. ఎవరిదీ తప్పు కాదు, లోపం మాటలోనే ఉంది. వ్యాయామం నేర్పేవారికి, ఫిజియోథెరపిస్టులకు, ఆటగాళ్ల శిక్షకులకు ఈ చిక్కు రోజూ ఎదురవుతుంది. అది తీరడానికే మూడు తలాలు (కదలిక సాగే చదునైన పరపులు), మూడు అక్షాలు (ఆ కదలిక తిరిగే ఇరుసులు), కీళ్ల కదలికలకు కొన్ని పేర్లు పుట్టాయి. పాఠాలు సాధారణంగా తలాలతో మొదలవుతాయి. నా సలహా మాత్రం తిరగేసి చెబుతాను: ముందు ఇరుసు ఎక్కడుందో చూడండి, తలం దాని వెనకే వస్తుంది.

1. నిలబడే తీరు

నిటారుగా నిలబడి, ఎదురుగా చూస్తూ, చేతులు పక్కలకు వదిలి, అరచేతులు ముందుకు తిప్పండి. దీన్ని అనటామికల్ పొజిషన్ అంటారు. అరచేతులు అలా తిప్పి ఉంచడం కాస్త ఇబ్బందిగానే ఉంటుంది. కానీ అలా ఉన్నప్పుడే ముంజేతిలోని రెండు ఎముకలు పక్కపక్కన సమాంతరంగా ఉంటాయి. అరచేయి వెనక్కి తిప్పితే ఒక ఎముక రెండోదాని మీదుగా అడ్డంగా వస్తుంది. మనిషి పడుకున్నా, తలకిందులుగా వేలాడినా పేర్లన్నీ ఈ నిలుపు నుంచే లెక్క. కుడి, ఎడమ కూడా ఆ మనిషివే, చూసేవారివి కావు.

2. ఇరుసు, తలం

మీకు ఎదురుగా, మీ నుంచి దూరంగా దొర్లిపోతున్న చక్రాన్ని ఊహించుకోండి. దాని ఇరుసు ఎడమ నుంచి కుడికి అడ్డంగా ఉంటుంది. చక్రం తిరిగే తలం శరీరాన్ని కుడి, ఎడమ భాగాలుగా విడదీస్తుంది. ఇది సాజిటల్ తలం. మోచేయి మడవడం, ముందుకు వంగడం, నడకలో కాళ్ల ఊపు చాలావరకు దీనిలోవే.

ఇప్పుడు గోడ గడియారానికి ఎదురుగా నిలబడండి. ముళ్లు తిరిగే ఇరుసు నేరుగా మీ వైపు పొడుచుకు వచ్చి ఉంటుంది, అంటే అక్షం ముందు నుంచి వెనక్కి. ముళ్లు తిరిగేది ఫ్రంటల్ తలం. శరీరం ముందు సగం, వెనుక సగం అవుతుంది. చేతులు పక్కలకు ఎత్తడం, నడుమును పక్కకు వంచడం ఇందులోకి వస్తాయి.

మూడోది బొంగరం. ములుకు నిలువుగా ఉంటుంది, తిరుగుడు అడ్డంగా సాగుతుంది. ఇది ట్రాన్స్‌వర్స్ తలం. తల కుడికీ ఎడమకూ తిప్పి కాదనడం దీనికి తేలికైన ఉదాహరణ.

అక్షం ఎప్పుడూ తలానికి లంబంగా ఉంటుంది. సందేహం వస్తే కదులుతున్న కీలులో ఒక సన్నని ఊచ గుచ్చినట్టు ఊహించండి. ఏ దిశలో గుచ్చితే కదలికకు అడ్డు తగలదో అదే అక్షం.

3. కీలు పేరు, కదలిక పేరు

"చేయి కదిలింది" అంటే చాలదు, ఏ కీలు దగ్గర కదిలిందో చెప్పాలి. సాజిటల్ తలంలో మడవడం ఫ్లెక్షన్, చాచడం ఎక్స్‌టెన్షన్. ఫ్రంటల్ తలంలో శరీరం నుంచి దూరంగా తీసుకెళ్లడం అబ్డక్షన్, తిరిగి దగ్గరికి తేవడం అడక్షన్. ఈ రెండూ చెవికి ఒకేలా వినిపిస్తాయి. అందుకే ఒకరు చెబుతుంటే ఇంకొకరు రాసుకునే చోట "దూరంగా", "దగ్గరికి" అని కూడా చేర్చడం మంచిది. ట్రాన్స్‌వర్స్ తలంలోవి రొటేషన్లు: లోపలికి, బయటికి.

అసలు ముళ్లన్నీ ఇక్కడే ఉంటాయి. భుజం దగ్గర ఫ్లెక్షన్ అంటే చేయి ముందుకు వెళ్తుంది. మోకాలి దగ్గర ఫ్లెక్షన్ అంటే పిక్క వెనక్కి వెళ్తుంది. కాబట్టి "ముందుకు కదిలితే ఫ్లెక్షన్" అన్న సూత్రం పట్టుకుంటే మోకాలి దగ్గర బోల్తా పడతారు. చీలమండ దగ్గర పాదం పైకి లేస్తే డార్సీఫ్లెక్షన్, వేళ్లు కిందికి నొక్కితే ప్లాంటార్ ఫ్లెక్షన్. చేతి బొటనవేలు మిగతా వేళ్లకు దాదాపు లంబంగా తిరిగి ఉంటుంది. అందుకే అది అరచేతి మీదుగా మడిచినప్పుడు కదలిక ఫ్రంటల్ తలంలో సాగుతుంది, అయినా దాని పేరు ఫ్లెక్షనే.

ఇక తాళంచెవి సంగతి. మోచేయి మడిచి, ముంజేయి ముందుకు చాపి చెవి తిప్పితే అక్షం ముంజేతి పొడవునా, అంటే ముందు నుంచి వెనక్కి ఉంటుంది. కంటికి కనిపించేది గడియారపు తిరుగుడు, ఫ్రంటల్ తలం. కానీ పుస్తకాలు దీన్ని, అంటే ప్రొనేషన్ (నిలబడినప్పుడు అరచేయి వెనక్కి తిప్పడం), సుపినేషన్ (ముందుకు తిప్పడం) అనే కదలికలను, ట్రాన్స్‌వర్స్ తలంలో పెడతాయి. అనటామికల్ పొజిషన్‌లో ముంజేయి కిందికి వేలాడుతుంది కదా, అప్పుడు అదే అక్షం నిలువుగా ఉంటుంది. ఇది అర్థమైతే సగం గందరగోళం పోయినట్టే.

4. రాసి చూడండి: కుర్చీలోంచి లేవడం

కూర్చున్నప్పుడు తుంటి, మోకాళ్లు రెండూ సుమారు 90 డిగ్రీల ఫ్లెక్షన్‌లో ఉంటాయి. లేవబోయే మనిషి మొదట ముందుకు వంగుతాడు: తుంటి ఫ్లెక్షన్ పెరుగుతుంది. మోకాళ్లు కాస్త ముందుకు జరిగి చీలమండలు డార్సీఫ్లెక్షన్‌లోకి వస్తాయి. పిరుదులు కుర్చీ నుంచి లేచాక మోకాళ్లు, తుంటి ఎక్స్‌టెన్షన్‌లోకి వెళ్తాయి, చీలమండలు ప్లాంటార్ ఫ్లెక్షన్ దిశగా కదిలి మామూలు స్థితికి వస్తాయి. అంతా సాజిటల్ తలంలోనే, అడ్డ ఇరుసుల చుట్టూనే. లేచే క్షణంలో మోకాళ్లు లోపలికి వాలితే మాత్రం ఫ్రంటల్, ట్రాన్స్‌వర్స్ తలాలు కూడా కథలోకి వచ్చినట్టు. అది విడిగా రాయండి.

ఒక్క జాగ్రత్త. కీలు కదలికను చూసి ఏ కండరం పనిచేస్తోందో తేల్చేయకండి. నెమ్మదిగా కూర్చునేటప్పుడు మోకాలిలో జరిగేది ఫ్లెక్షన్. కానీ దాన్ని పట్టి ఆపుతూ దించేది తొడ ముందు భాగంలో ఉండే క్వాడ్రిసెప్స్, అంటే మోకాలిని చాచే కండరమే. దించే పని భూమ్యాకర్షణది, ఆపే పని కండరానిది. నేను మొదట్లో ఈ రెండింటినీ ఒకే గడిలో రాసి చాలా కాగితాలు చించాను. ఇప్పుడు రెండు గడులు.

బంతి విసరడం వంటి వాటిని ఒకే తలంలో ఇరికించాలని చూడకండి. దశలుగా విడగొట్టి, ఒక్కో దశలో ఒక్కో కీలును చూడండి. వీడియో తీస్తే ఫోనును ఇరుసు దారిలో, ఇరుసు వైపే చూసేలా పెట్టండి: మోకాలి వంపు కావాలంటే పక్క నుంచి, మోకాలు లోపలికి వాలడం కావాలంటే ఎదురుగా నుంచి. పక్క నుంచి తీసిన వీడియోలో ఆ వాలు దాదాపు కనిపించదు. అందుకే ఒకే వీడియో చూసి "అంతా బాగుంది" అని రాయడానికి నేను ఒప్పుకోను.