బ్యాంకు మెయిల్ అసలుదా, నకిలీదా? ఎలా తేల్చుకోవాలి

సమస్య: పంపినవారి పేరు బ్యాంకుదే, లోగో కూడా అచ్చం అలాగే ఉంది.
కారణం: ఆ పేరు ఎవరైనా ఇష్టం వచ్చినట్టు పెట్టుకోవచ్చు. లోగోనైతే బ్యాంకు సైట్ నుంచే కాపీ చేస్తారు.
పరిష్కారం: పేరు మీద నొక్కి పూర్తి చిరునామా తెరవండి. @ తర్వాత ఉన్న భాగాన్ని ఒక్కో అక్షరం చదవండి. ఇంగ్లీషు ఆర్, ఎన్ పక్కపక్కన ఉంటే చిన్న తెర మీద ఎమ్ లాగే కనిపిస్తాయి. అక్షరదోషాలను నమ్ముకోకండి, ఈమధ్య నకిలీ మెయిళ్ల భాష కూడా శుభ్రంగానే ఉంటోంది.

సమస్య: లింకులో బ్యాంకు పేరు ఉంది, తాళం గుర్తూ ఉంది.
కారణం: "మీబ్యాంకు.కామ్.వెరిఫై-లాగిన్.నెట్/ఖాతా" అనే లింకు చూడండి. లింకు మొదట్లో హెచ్‌టీటీపీఎస్ ఉంటే, దాని పక్కనుండే రెండు స్లాషులు (/) వదిలేసి, ఆ తర్వాత వచ్చే తొలి స్లాష్ దగ్గర ఆగి వెనక్కి చదవాలి. చివరి రెండు ముక్కలు, అంటే "వెరిఫై-లాగిన్.నెట్", అసలు యజమానివి. (కో.యూకే లాంటి జంట తోకలుంటే మూడు ముక్కలు.) ముందున్న బ్యాంకు పేరు ఉత్త అలంకారం. తాళం గుర్తు దారిలో ఎవరూ చదవలేరని చెబుతుందే తప్ప, అవతల ఉన్నది ఎవరో చెప్పదు.
పరిష్కారం: కంప్యూటర్‌లో లింకు మీద మౌస్ ఉంచితే అసలు చిరునామా కింద కనిపిస్తుంది. ఫోన్‌లో వేలు జారి తెరుచుకునే ప్రమాదం ఉంది, అందుకే లింకు వదిలేసి బ్యాంకు యాప్ తెరవడమే మేలు. పాస్‌వర్డ్ మేనేజర్ (పాస్‌వర్డ్‌లు గుర్తుంచుకుని తానే నింపే యాప్) ఎప్పుడూ నింపే చోట నింపలేదంటే డొమైన్, అంటే పైన చెప్పిన సైట్ అసలు పేరు, తేడాగా ఉందేమో చూడండి.

సమస్య: స్టేట్‌మెంట్ అని అటాచ్‌మెంట్ తెరిస్తే లాగిన్ పేజీ వచ్చింది.
కారణం: అది హెచ్‌టీఎమ్ఎల్ ఫైల్, అంటే వెబ్ పేజీనే ఫైల్‌గా పంపారు. పేజీ మీ మెషీన్‌లోనే తెరుచుకుంటుంది, కాబట్టి అడ్రస్ బార్‌లో వెబ్‌సైట్ పేరుకు బదులు ఫైల్ దారి ఉంటుంది.
పరిష్కారం: ఏమీ కొట్టకుండా మూసి, ఫైల్ తీసేయండి. మెయిల్‌ను ఫిషింగ్ (వివరాలు కాజేసే నకిలీ మెయిల్) అని రిపోర్ట్ చేయండి.

సమస్య: వివరాలు కొట్టేశాను. ఓటీపీ నిజంగా బ్యాంకు నుంచే వచ్చింది, అదీ ఇచ్చేశాను.
కారణం: మీరు కొట్టిన పాస్‌వర్డ్‌ను దొంగలు అదే క్షణంలో అసలు సైట్‌లో వాడతారు. అందుకే ఓటీపీ అసలుదే వస్తుంది. జనం ఎక్కువగా మోసపోయేది ఇక్కడే.
పరిష్కారం: ముందు కార్డు వెనక ఉన్న నంబరుకు ఫోన్ చేసి కార్డు, ఆన్‌లైన్ లావాదేవీలు ఆపించండి. మెయిల్‌లో ఇచ్చిన నంబరుకు మాత్రం చేయకండి. తర్వాత యాప్‌లో పాస్‌వర్డ్ మార్చండి, అదే పాస్‌వర్డ్ వాడిన మిగతా చోట్లా మార్చండి. ఈమెయిల్ పాస్‌వర్డ్ కూడా ఇచ్చి ఉంటే, దాన్ని మార్చి, సెట్టింగ్స్‌లో మీకు తెలియని ఫార్వర్డింగ్ చిరునామా (మీకు వచ్చే మెయిళ్లు వాటంతటవే వెళ్లే చిరునామా) చేరిందేమో చూసి తీసేయండి.