తల, వల, పలక: పిల్లలకు తెలుగు చదవడం నేర్పే క్రమం

అ నుంచి ఱ దాకా గడగడా అప్పజెప్పే పిల్ల, మధ్యలో ‘డ’ మీద వేలు పెట్టి అడిగితే బిక్కమొహం వేస్తుంది. తనకు వచ్చింది పాట, అక్షరాలు కావు. అక్షరమాల వరస తర్వాతైనా వస్తుంది, ముందు మాట చదవనివ్వండి.

మొదటి రెండు మూడు రోజులు పలక కూడా అక్కర్లేదు. చప్పట్లతో మాటను విరవండి: త-ల-గ-డ, నాలుగు చప్పట్లు. ‘పడవ’లో మొదట ఏం వినిపించింది, చివర ఏం వినిపించింది? ఇది చెవికి పట్టాక త, ల, వ చూపించి, అదే పూట ‘తల’, ‘వల’ చదివించండి. తర్వాత రోజుకొకటి చొప్పున క, ప, డ, గ. ఈ ఏడింటితోనే కల, వడ, పలక, కడవ, గడప, తలగడ వచ్చేస్తాయి. రోజుకు 15 నిమిషాలు చాలు. న-స, వ-మ, ప-ష లాంటి పోలికలున్న జంటలను ఒకే వారంలో ఇవ్వకండి, కలగాపులగం అయిపోతాయి. ఖ, ఘ లాంటి ఒత్తక్షరాలకు తొందర లేదు. ఙ, ఞ చిట్టచివరికి.

హల్లులన్నీ అయ్యేదాకా గుణింతం ఆపడం పెద్ద పొరపాటు. కొమ్ము, గుడి రాకపోతే ‘పాలు’, ‘గాలి’ కూడా చదవలేరు కదా! పది పన్నెండు హల్లులు రాగానే దీర్ఘం, గుడి, కొమ్ము మొదలుపెట్టండి. క-కా-కి-కీ అని వల్లెవేయించే బదులు ఒకే గుర్తును వేర్వేరు అక్షరాలకు పెట్టండి: కి, గి, తి, డి. తలకట్టు పోయి దాని చోట గుడి వచ్చిందని వేలితో చూపండి. వి, మి, యి లలో గుడి అక్షరంలోనే కలిసిపోతుంది కాబట్టి వాటిని విడిగా నేర్పాలి. ‘వు’లో కొమ్ము కిందికి దిగుతుంది. పక్కన పెడితే అది ‘మ’ అయిపోతుంది మరి.

అసలు తంటా వత్తులతో. అక్క, అమ్మ, అత్త, పువ్వు లాంటి నోటికి అలవాటైన ద్విత్వాలతో మొదలుపెట్టండి. త, న, మ, య, ర, ల వత్తులకు అసలు అక్షరంతో పోలిక ఉండదు, ఒక్కోదానికి ఒక్కో అట్టముక్క చేసి రోజూ చూపించాలి. తర్వాత ‘శక్తి’. దాన్ని ‘శకిత’ అని చదివితే కసురుకోకండి, కంటికి కనిపించిందే చదివారు: గుడి ఉన్నది ‘క’ మీద, పలికేది ‘త’ తర్వాత. పై అక్షరం, కింద వత్తు, మళ్లీ పైన గుడి, ఇలా వేలు తిప్పుతూ చదివించండి. రాత్రి, కుర్చీ, బస్తీ దగ్గరా ఇదే చిక్కు.

సున్నాకు సూత్రాలు చెప్పనక్కర్లేదు. పంట, వంద, కంప అని ముందే వినివున్న మాటలైతే నాలుక దానంతటదే సర్దుకుంటుంది. విదేశాల్లో పెరిగే పిల్లలకు మాత్రం ట-త, డ-ద తేడా చెవికి ఆనదు. వాళ్లకు పాట-పాత, వాడు-వాదు పక్కపక్కన వినిపించి, ఏది అన్నామో చూపించమనాలి.

బొమ్మ చూసి మాట చెప్పేస్తున్నారేమో గమనించండి. బొమ్మను చేత్తో మూసి అడగండి, పాఠాన్ని చివరి వాక్యం నుంచి చదివించండి. లప, డగ, వత లాంటి అర్థం లేని మాటలు రాసివ్వండి. ఎక్కడ ఆగితే ఆ అక్షరం ఇంకా రాలేదన్నమాట. మర్నాడు కొత్తది ఆపి, దానితోనే నాలుగు మాటలు చదివించండి.