పాటను విడదీసి వినడం – 4వ పాఠం: రికార్డు రెండో వైపు

పోయిన పాఠంలో పాట మొత్తం వింటూ ఒక్క బేస్ గిటార్‌నే వెంబడించడం సాధన చేశాం. చెవి మధ్యలో గాయకుడి వైపు జారిపోతోందంటే కంగారు పడకండి. ఇవాళ బేస్ దండిగా వినిపించే పాటలే తీసుకున్నాను. ఈసారి నేర్చుకునేది టేపు వేగాన్ని చెవితో పసిగట్టడం.

దీనికి బ్రిటిష్ రాక్ బృందం బీటిల్స్ 1966లో తెచ్చిన ఒక సింగిల్ చాలు, అంటే వైపుకో పాట ఉన్న చిన్న రికార్డు. అమెరికాలో మే 30న, బ్రిటన్‌లో జూన్ 10న వచ్చింది. ఏ-సైడ్ ‘పేపర్‌బ్యాక్ రైటర్’, బి-సైడ్ ‘రెయిన్’. రేడియోలో వేయించడానికి కంపెనీ ముందుకు తోసేది ఏ-సైడ్‌ని. అది రెండు దేశాల్లోనూ మొదటి స్థానానికి ఎక్కింది. అమెరికాలో బి-సైడ్‌ని కూడా విడిగా లెక్కించేవారు కాబట్టి ‘రెయిన్’ సొంతంగా బిల్‌బోర్డ్ పత్రిక వేసే హిట్ పాటల పట్టికలో 23వ స్థానం దాకా వెళ్లింది. నన్నడిగితే రెండింట్లో గొప్పది వెనకవైపు పాటే. అయినా ముందుగా ముందువైపే వినండి, చెవికి పోలిక ఉండాలి.

‘పేపర్‌బ్యాక్ రైటర్’ రెండున్నర నిమిషాలు కూడా లేదు. ప్రచురణకర్తకి ఒక రచయిత రాసుకునే ఉత్తరం అది. వాద్యాలేవీ లేకుండా గొంతులు ఒకదాని మీద ఒకటి పడుతూ మొదలవుతుంది, వెంటనే గిటార్ దూకుతుంది. పాట సగం దాటాక వెనక గొంతుల్ని పట్టుకోండి. బృందంలోని జాన్ లెనన్, జార్జ్ హారిసన్ అక్కడ పాడుతున్నది ‘ఫ్రెర్ జాకా’ అనే ఫ్రెంచి పిల్లల పాట! ఇక బేస్ సంగతి. గ్రామఫోన్ ముల్లు గాడి తప్పుతుందన్న భయంతో అప్పట్లో బ్రిటిష్ రికార్డుల్లో బేస్‌ని అణిచి ఉంచేవారు. ఈ పాటలో అది దండిగా వినిపించాలని ఇరవై ఏళ్ల రికార్డింగ్ ఇంజనీరు జెఫ్ ఎమరిక్ బృందం ఒక లౌడ్‌స్పీకర్‌నే మైకుగా మార్చి పాల్ మెకార్ట్నీ బేస్ ముందు పెట్టింది. స్పీకర్‌ని తిరగేసి వాడితే మైకే కదా, రెండింటిలోనూ ఉన్నది ఒక పొర, ఒక తీగచుట్ట, ఒక అయస్కాంతం.

ఇప్పుడు రెండో వైపు తిప్పండి. ‘రెయిన్’ మూడు నిమిషాలు. హెడ్‌ఫోన్స్ పెట్టుకుని మొదటిసారి డ్రమ్స్ ఒక్కటే వినండి. తను వాయించిన వాటిలో అత్యుత్తమం ఇదేనని రింగో స్టార్ చెప్పుకున్నాడు. కానీ ఆ చేతులు చురుగ్గా ఉన్నాయి, శబ్దం మాత్రం బరువుగా ఉంది. సింబల్ (డ్రమ్స్‌తో ఉండే లోహపు పళ్లెం) మోత ఆగాల్సినచోట ఆగకుండా సాగుతుంది. ఈ పొంతన లేకపోవడమే మనకి కావలసిన ఆనవాలు. వాద్యాలన్నీ వేగంగా వాయించి రికార్డు చేశారు, తర్వాత టేపుని నెమ్మదిగా తిప్పారు.

బ్యాటరీ అయిపోతున్న టేప్ రికార్డర్‌లో ఘంటసాల గొంతు బరువెక్కడం విన్నవాళ్లకి సూత్రం విడిగా చెప్పక్కర్లేదు. టేపు నెమ్మదిస్తే లయ తగ్గుతుంది, శ్రుతీ దిగుతుంది. వేగం సగమైతే శ్రుతి సరిగ్గా ఒక స్థాయి (ఆక్టేవ్) కిందికి వస్తుంది. సుమారు 6 శాతం తగ్గితే హార్మోనియంలో పక్క మెట్టుకి దిగుతుంది, నల్లవీ తెల్లవీ కలిపి లెక్కేస్తే.

రెండోసారి లెనన్ గొంతు వినండి. ఇది ఎదురు దారిలో వెళ్లింది. నెమ్మదిగా తిరిగే టేపు మీద పాడించి, తర్వాత వేగం పెంచారు. అందుకే బరువైన వాద్యాల మీద గొంతు పల్చగా, పదునుగా తేలుతుంది. పల్లవిలో ఒకే మాటను ఎన్నో స్వరాల మీద సాగదీస్తాడు, మన చెవికి అది కొత్తగా అనిపించదు.

పాట ముగిసేముందు వాద్యాలు ఒక్కసారి ఆగుతాయి. డ్రమ్స్ మళ్లీ ఎత్తుకున్నాక వినిపించే వింత భాష ఏ దేశానిదీ కాదు, లెనన్ గొంతునే వెనక్కి తిప్పారు. ఇంట్లో టేపు తిరగేసి ఎక్కించడం వల్ల తనకి తట్టిందని లెనన్, ఆలోచన తనదేనని నిర్మాత జార్జ్ మార్టిన్ చెప్పారు. ఈ తగువు మనం తీర్చలేం. వెనక్కి తిప్పిన గొంతుని గుర్తుపట్టడం మాత్రం తేలిక. మామూలు మాట గట్టిగా మొదలై మెల్లగా తగ్గుతుంది, తిప్పిన మాట మెల్లగా ఉబ్బి టక్కున తెగుతుంది.

సాధన. 2022లో వచ్చిన బీటిల్స్ ఆల్బమ్ ‘రివాల్వర్’ ప్రత్యేక సంచికలో ‘రెయిన్’ అయిదో టేక్ (అయిదోసారి వాయించి రికార్డు చేసింది) రెండు రకాలుగా ఉంది, వాయించిన అసలు వేగంలో ఒకటి, నెమ్మది చేసింది ఒకటి. వెంటవెంటనే వినండి. అసలు వేగంలో అది హుషారైన రాక్ పాట! డ్రమ్స్, బేస్, గిటార్ ఒక్కోటి ఎంత మారిందో మీ మాటల్లో రాసుకోండి.

తర్వాత మీ గొంతుతో ప్రయత్నించండి. ఫోన్‌లో నాలుగు వాక్యాలు రికార్డు చేసి, కంప్యూటర్‌లో ఉచితంగా దొరికే ఆడాసిటీలో తెరవండి. వేగం, శ్రుతి కలిపి మార్చే ఎఫెక్ట్‌తో 10 శాతం తగ్గించండి. టెంపో మార్చే ఎఫెక్ట్ వేరు, అది శ్రుతిని కదపదు. యూట్యూబ్‌లో వేగం తగ్గించినా శ్రుతి అలాగే ఉంటుంది కాబట్టి ఈ పాఠానికి పనికిరాదు. రివర్స్ ఎఫెక్ట్ కూడా వేసి చూడండి, మీ పేరుతో మొదలుపెడితే సరదాగా ఉంటుంది.

వచ్చే పాఠానికి బీటిల్స్ పాటే, ‘స్ట్రాబెరీ ఫీల్డ్స్ ఫరెవర్’, 1967. వేర్వేరు వేగాల్లో, వేర్వేరు శ్రుతుల్లో ఉన్న రెండు టేకుల్ని కలిపి అతికిన పాట. అతుకు మొదటి నిమిషం చుట్టుపక్కల ఉంది. ఏ క్షణంలో దొరికిందో రాసి ఉంచుకోండి.