ఏ ఆపరేటింగ్ సిస్టమ్ ఎక్కించాలి? ముందు సర్వర్ సంగతి తేల్చుకోండి

విండోస్ మంచిదా, లినక్స్ మంచిదా, మ్యాక్ మంచిదా అని ఊరికే అడిగితే జవాబు తేలదు. ఏ మెషీన్ మీద, ఏ పనికి అన్నది తెలిస్తే ఎంపిక సగం అయిపోయినట్టే. సొంత వెబ్‌సైట్ లేదా యాప్ నడపాలనుకునేవాళ్లు ముందు సర్వర్ (సైట్‌ని నెట్‌లో అందరికీ అందించే కంప్యూటర్) మీది సిస్టమ్ ఎంచుకోవాలి. కోడ్ రాసే ల్యాప్‌టాప్‌లోని సిస్టమ్ ఆ సర్వర్ సిస్టమ్‌కి ఎంత దగ్గరగా ఉంటే తలనొప్పులు అంత తగ్గుతాయి. ఇంట్లో అందరూ వాడే కంప్యూటర్‌కి లెక్క వేరు: ఏ సాఫ్ట్‌వేర్ లేకపోతే పని ఆగిపోతుందో అదే అక్కడ నిర్ణయిస్తుంది.

సర్వర్

మొదట చూడాల్సింది సెక్యూరిటీ అప్‌డేట్లు ఎప్పటిదాకా వస్తాయన్నది. లినక్స్‌లో ఒక రకమైన ఉబుంటు అయితే ఎల్‌టీఎస్ (ఎక్కువ కాలం సపోర్ట్) అని రాసి ఉన్న వెర్షనే తీసుకోండి. రెండేళ్లకోసారి, సరిసంఖ్య ఏడాది ఏప్రిల్‌లో వచ్చే ఈ వెర్షన్లకు 5 ఏళ్లు అప్‌డేట్లు ఉంటాయి, 2024 ఏప్రిల్‌లో వచ్చిన 24.04కి 2029 దాకా వస్తాయి. మధ్యలో వచ్చే వెర్షన్లకు 9 నెలలే. వీపీఎస్ (నెట్‌లో అద్దెకు దొరికే సర్వర్) కొనేటప్పుడు జాబితాలో పెద్ద నంబరు కనిపించింది కదా అని 25.10 లాంటిది నొక్కితే ఏడాది తిరక్కముందే నడుస్తున్న సైట్ కింద సిస్టమ్ మొత్తం మార్చాల్సి వస్తుంది. డెబియన్ అనే మరో లినక్స్ కూడా అంతే నమ్మకమైనది, మెషీన్ మీద ఇంకా తక్కువ భారం వేస్తుంది. 2025 ఆగస్టులో వచ్చిన 13కి మూడేళ్లు పూర్తి సపోర్ట్, ఆపైన రెండేళ్లు ఎల్‌టీఎస్. సీపానెల్ (బ్రౌజర్ నుంచే సైట్లను చూసుకునే సాఫ్ట్‌వేర్) కావాలంటే ఆల్మాలినక్స్ 9 తీసుకోండి, దానికి 2032 దాకా సెక్యూరిటీ అప్‌డేట్లు వస్తాయి. మీ సైట్ ఇంకా సెంట్ఓఎస్ 7 అనే పాత లినక్స్ మీద ఉంటే మిగతా పనులన్నీ పక్కనపెట్టి ముందు అక్కడి నుంచి కదలండి. దాని అప్‌డేట్లు 2024 జూన్ 30తో ఆగిపోయాయి.

ఆల్మాలినక్స్, దానిలాంటిదే అయిన రాకీలినక్స్ వాడేవాళ్లు తరచూ ఇరుక్కునేది ఎస్ఈలినక్స్ అనే భద్రతా వ్యవస్థ దగ్గర. హోమ్ ఫోల్డర్‌లో ఉన్న ఫైళ్లను వెబ్ ఫోల్డర్‌కి మూవ్ చేస్తే పర్మిషన్లన్నీ సరిగ్గానే కనిపిస్తాయి, బ్రౌజర్‌లో మాత్రం అనుమతి లేదని 403 ఎర్రర్ వస్తుంది. మూవ్ చేసిన ఫైలు పాత చోటి లేబుల్‌ని (ఏ ప్రోగ్రామ్ తాకొచ్చో ఎస్ఈలినక్స్‌కి చెప్పే గుర్తు) వెంట తెచ్చుకోవడమే కారణం. ఆ ఫోల్డర్ మీద రీస్టోర్‌కాన్ (restorecon) కమాండ్ నడిపితే సరిపోతుంది. ఎస్ఈలినక్స్‌నే ఆపేయమని చాలామంది సలహా ఇస్తారు. వినకండి. సైట్‌లోకి ఎవరైనా చొరబడితే సర్వర్‌లోని మిగతా భాగాలకు పాకకుండా అడ్డుపడేది అదే.

1 జీబీ ర్యామ్ ఉన్న చిన్న వీపీఎస్‌లో మైఎస్‌క్యూఎల్ (డేటాబేస్), పీహెచ్‌పీ (సైట్ కోడ్ నడిపేది) రెండూ నడిపితే ఏదో ఒక రోజు ర్యామ్ నిండుతుంది. అప్పుడు సిస్టమ్ గుండెకాయ లాంటి కెర్నల్ ఎక్కువ మెమరీ తింటున్న ప్రోగ్రామ్‌ని వెతికి ఆపేస్తుంది, అది సాధారణంగా మైఎస్‌క్యూఎలే అవుతుంది. కొన్న రోజే 2 జీబీ స్వాప్ ఫైల్ (ర్యామ్ చాలనప్పుడు వాడే డిస్క్ స్థలం) పెట్టుకోండి. ఫైర్‌వాల్ ఆన్ చేసే ముందు దూరం నుంచి సర్వర్‌లోకి లాగిన్ అయ్యే ఎస్ఎస్‌హెచ్ పోర్ట్ 22ని అనుమతించండి, లేకపోతే మీ సర్వర్‌లోకి మీరే వెళ్లలేరు.

విండోస్ సర్వర్ ఎప్పుడు? మైక్రోసాఫ్ట్ డాట్‌నెట్ ఫ్రేమ్‌వర్క్ 4.8 లాంటి పాత పునాది మీద కట్టిన అప్లికేషన్ ఉన్నప్పుడు. కొత్త డాట్‌నెట్ లినక్స్ మీద చక్కగా నడుస్తుంది కాబట్టి లైసెన్స్ ఖర్చు, అదనపు ర్యామ్ ఖర్చు పెట్టుకోనక్కర్లేదు.

కోడింగ్‌కి

ఐఫోన్ యాప్ చేయాలంటే ఎక్స్‌కోడ్ అనే ఆపిల్ సాఫ్ట్‌వేర్ కావాలి, ఎక్స్‌కోడ్‌కి మ్యాక్ కావాలి. అక్కడ చర్చ లేదు. మిగతా పనులకు ల్యాప్‌టాప్‌లో విండోస్ ఉంటే దాన్ని తీసేయకుండా డబ్ల్యూఎస్ఎల్2 (విండోస్ లోపలే లినక్స్ నడిపే సదుపాయం) ఎక్కించి, అందులో సర్వర్‌లో ఉన్న ఉబుంటు వెర్షన్‌నే పెట్టండి. ప్రాజెక్ట్ ఫైళ్లను సీ డ్రైవ్‌లో ఉంచి లినక్స్ వైపు నుంచి తెరిస్తే నోడ్ (జావాస్క్రిప్ట్) ప్యాకేజీలు ఎక్కడానికి చాలా సేపు పడుతుంది. ఫైళ్లను లినక్స్ హోమ్ ఫోల్డర్‌లోనే ఉంచండి. 8 జీబీ ర్యామ్ ఉన్న మెషీన్‌లో డబ్ల్యూఎస్ఎల్ సగం దాకా తీసుకోగలదు, డాకర్ (ప్రోగ్రామ్‌ని దానికి కావాల్సినవాటితో కలిపి ఇమేజ్ అనే ఒకే ప్యాకెట్‌గా నడిపే సాధనం) కూడా నడపాలంటే 16 జీబీ ఉండాలి.

ల్యాప్‌టాప్‌లో నడిచి సర్వర్‌లో ఆగిపోయే సైట్లకు కారణం చాలాసార్లు ఈ మూడింట్లో ఒకటి. ఫైల్ పేరులో పెద్ద, చిన్న అక్షరాల తేడాను విండోస్, మ్యాక్ మామూలుగా పట్టించుకోవు, లినక్స్ పట్టించుకుంటుంది. అందుకే లోగో బొమ్మ మీ దగ్గర కనిపించి సర్వర్‌లో 404 (ఫైలు దొరకలేదు) అవుతుంది. పేర్లన్నీ చిన్న అక్షరాల్లోనే పెట్టడం అలవాటు చేసుకోండి. రెండోది, విండోస్‌లో రాసిన షెల్ స్క్రిప్ట్ (కమాండ్ల జాబితా) ఫైలు కళ్లముందే ఉన్నా, అలాంటి ఫైలే లేదని ఎర్రర్ రావడం. లైన్ చివర దాగిన అదనపు అక్షరం వల్ల ఇది జరుగుతుంది. విజువల్ స్టూడియో కోడ్‌లో కింద కుడివైపు సీఆర్ఎల్ఎఫ్ అని ఉన్నచోట నొక్కి ఎల్ఎఫ్‌కి మార్చి సేవ్ చేయండి. మూడోది ఆపిల్ సొంత ఆర్మ్ ప్రాసెసర్ ఉన్న ఎం సిరీస్ మ్యాక్‌లది. వాటిలో తయారైన డాకర్ ఇమేజ్ ఆర్మ్ ప్రాసెసర్‌కి సరిపోతుంది, ఇంటెల్ లేదా ఏఎండీ సర్వర్‌లో ఎగ్జెక్ ఫార్మాట్ ఎర్రర్ ఇస్తుంది. బిల్డ్ చేసేటప్పుడే ప్లాట్‌ఫామ్ ఏఎండీ64 అని చెప్పాలి.

ఇంటికి, ఆఫీసుకి

ట్యాలీ, పేజ్‌మేకర్‌తో అను ఫాంట్లు, యూఎస్‌బీ టోకెన్‌లో ఉండే డిజిటల్ సిగ్నేచర్: వీటిలో ఒక్కటి రోజూ వాడినా విండోస్‌లోనే ఉండండి. బ్రౌజర్, వీడియోలు, మామూలు డాక్యుమెంట్లతో సరిపోయేవాళ్లకు ఆ కట్టుబాటు లేదు. విండోస్ 10 మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ముగిసింది. విండోస్ 11కి టీపీఎం 2.0 (భద్రతా చిప్), చాలావరకు 8వ తరం లేదా ఆపై ఇంటెల్ ప్రాసెసర్ ఉండాలి. అవి లేని పాత ల్యాప్‌టాప్‌ని పారేయకండి. హార్డ్ డిస్క్ తీసి ఎస్ఎస్‌డీ వేయించి, 4 జీబీ ర్యామ్ ఉన్నా లినక్స్ మింట్ ఎక్స్ఎఫ్‌సీఈ అనే తేలికపాటి వెర్షన్ ఎక్కించండి, హాయిగా నడుస్తుంది. తెలుగు టైపింగ్‌కి ఐబస్ ఎం17ఎన్ (ibus-m17n) ప్యాకేజీ వేసుకుంటే ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డ్ అమరికతో పాటు ఇంగ్లిష్ అక్షరాలతో తెలుగు రాసే ఆర్‌టీఎస్ పద్ధతీ వస్తుంది.

ఎక్కించే ముందు 8 జీబీ పెన్‌డ్రైవ్‌లో రూఫస్ అనే ప్రోగ్రామ్‌తో ఐఎస్ఓ (డౌన్‌లోడ్ చేసిన లినక్స్ ఫైల్) రాసి, ఇన్‌స్టాల్ చేయకుండా పెన్‌డ్రైవ్ నుంచే లైవ్‌లో ఒక గంట వాడి చూడండి. వైఫై, సౌండ్, కెమెరా, ప్రింటర్, మూత మూసి తెరిచాక మేల్కొంటుందా లేదా అన్నీ చూడాలి. రెండు సిస్టమ్‌లూ ఉంచుకోవాలనుకుంటే ముఖ్యమైన ఫైళ్లు బయటి డిస్క్‌లోకి కాపీ చేసి, బిట్‌లాకర్ (విండోస్ డిస్క్‌కి వేసే తాళం) రికవరీ కీని కాగితం మీద రాసి పెట్టుకోండి, బూట్ సెట్టింగులు మారగానే విండోస్ దాన్ని అడగవచ్చు. లినక్స్‌కి చోటు కోసం విండోస్ డ్రైవ్ సైజుని విండోస్‌లోని డిస్క్ మేనేజ్‌మెంట్ నుంచే తగ్గించండి. విండోస్‌లో ఫాస్ట్ స్టార్టప్ ఆపేయండి, లేకపోతే విండోస్ పూర్తిగా షట్‌డౌన్ కాదు, ఆ డ్రైవ్‌లో లినక్స్ ఏమీ రాయలేదు. అంతా అయ్యాక విండోస్ గడియారం అయిదున్నర గంటలు వెనక్కి చూపిస్తే కంగారు పడకండి: లినక్స్ మదర్‌బోర్డ్ గడియారంలో గ్రీన్‌విచ్ సమయం ఉంచుతుంది, విండోస్ దాన్నే మన సమయం అనుకుంటుంది. హార్డ్‌వేర్ గడియారాన్ని స్థానిక సమయంలో ఉంచమని లినక్స్‌లో సెట్ చేస్తే తేడా పోతుంది.