ఊరి చరిత్రకు ఒక గది: చిన్న మ్యూజియం ఎలా మొదలుపెట్టాలి?

చంద్రగిరి రాజమహల్‌లో కేంద్ర పురావస్తు శాఖ మ్యూజియం ఉంది. రాజుల కాలపు శిల్పాలకు అక్కడ చోటుంది. కార్వేటినగరంలోనో పలమనేరులోనో అవ్వ వడ్లు కొలిచిన పడికి, తాత దాచిన దస్తావేజుకు చోటు ఊరివాళ్లే చూడాలి.

ముందు మనుషుల్ని కూడగట్టండి. ఆంధ్రప్రదేశ్ సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం, 2001 ప్రకారం సంఘానికి కనీసం 7 మంది సభ్యులు కావాలి. నియమావళి రాసుకుని జిల్లా రిజిస్ట్రార్ ఆఫీసులో నమోదు చేయించాలి. సంఘం మూతపడితే వస్తువులు ఎవరికి చేరాలో అందులో తప్పకుండా రాయండి. ఆ మాట లేని సంఘానికి ఇంట్లో సొత్తు ఎవరూ ఇవ్వకూడదు.

బీరువా కంటే ముందు గట్టి అట్ట ఉన్న రిజిస్టరు కొనండి. నా దృష్టిలో మ్యూజియం అంటే ఆ పుస్తకమే. ఎవరిదో, ఎక్కడిదో తెలియని పాత వస్తువు పాత సామాన్ల కొట్లో కూడా దొరుకుతుంది.

ఒక ఇత్తడి బిందె వచ్చిందనుకోండి. వరుస నంబరు, తేదీ, ఇచ్చినవారి పేరు, ఊరు, కొలతలు, దేనికి వాడేవారు అన్నవి రాయండి. పూర్తిగా ఇచ్చేశారా, చూపడానికి మాత్రమే ఇచ్చారా అన్నది రాసి సంతకం తీసుకోండి. బిందె అంచున చుక్కలు చుక్కలుగా కొట్టించిన పేరుంటే తప్పొప్పులు దిద్దకుండా ఉన్నదున్నట్టు ఎక్కించండి. మెరవాలని చింతపండు పెట్టి తోమకండి, ఆ చుక్కలు అరిగిపోతాయి. మెత్తని పొడిగుడ్డ చాలు. నంబరు చీటీని నూలుదారంతో కట్టండి, టేపు అంటించొద్దు. “ఇది మీ పుట్టింటి నుంచి తెచ్చుకున్నదా అవ్వా?” అని అడిగి, ఆమె చెప్పేదంతా ఫోన్‌లో రికార్డు చేయండి. బిందె ఎన్నాళ్లయినా ఉంటుంది, ఆ జ్ఞాపకం ఉండదు.

కాగితాలు చదివేటప్పుడు ఒకటి గుర్తుంచుకోండి. చిత్తూరు జిల్లా ఏర్పడింది 1911లో. అంతకుముందరి పత్రాల్లో మన ఊళ్లు చాలావరకు ఉత్తర ఆర్కాటు కింద, మదనపల్లె వైపువి కడప కింద కనిపిస్తాయి. తాళపత్రాలు దొరికితే కట్టు విప్పకుండా తిరుపతి ఎస్వీ యూనివర్సిటీ ప్రాచ్య పరిశోధన సంస్థ వాళ్లకు చూపించండి.

పొలం గట్టున వీరగల్లు, అంటే పోరులో చనిపోయిన వీరుడి గుర్తుగా నిలిపిన రాయి, కనిపిస్తే గదికి తేవొద్దు. నిలబడ్డ చోటే దాని చరిత్ర సగం. అక్షరాలకు సుద్ద, పసుపు పూయకుండా పొద్దున్నో సాయంత్రమో ఏటవాలు ఎండలో ఫోటో తీయండి, గీతలు వాటంతటవే తేలతాయి. తవ్వకంలో నాణేలో నగలో బయటపడితే కలెక్టరుకు తెలపాలి, 1878 నాటి నిక్షేపాల చట్టం అదే చెబుతోంది. నూరేళ్లు దాటిన విగ్రహాలు, చిత్రాలు ఎవరైనా ఇస్తామంటే పురావస్తు శాఖ నమోదు పత్రం చూడకుండా తీసుకోకండి.

గదికి చెదలు, చెమ్మ, నేరుగా పడే ఎండ లేకుంటే చాలు. బీరువాను గోడకు ఆనించకండి. మొదట్లో వారానికి ఒక పూట తెరిచినా ఫర్వాలేదు, చెప్పిన వేళకు తెరవాలి. రిజిస్టరు ప్రతి పేజీనీ నెలనెలా ఫోటో తీసి, ఇద్దరు సభ్యుల ఇళ్లలో వేర్వేరుగా దాచండి.