అంతాంకారాన పల్లెలకు పరిచర్యకు వెళ్లేవారికి జాగ్రత్తలు

మడగాస్కర్ ఉత్తర కొసన, అంత్సిరానానా నుంచి అంబిలోబే వైపు వెళ్లే దారి పొడవునా అంతాంకారాన ప్రజల పల్లెలున్నాయి. ప్రయాణం మే నుంచి అక్టోబరు లోపు పెట్టుకోండి. నవంబరు నుంచి ఏప్రిల్ దాకా వానలు, తుఫాన్లు. మార్చి ముగుస్తోంది కదా, ఇక భయం లేదనుకోవద్దు. 2024లో గమానె తుఫాను ఆ ఈశాన్య తీరాన్ని తాకింది మార్చి 27న.

అసలు ప్రమాదం అంకారాన కొండ దగ్గర ఉంది. అది సున్నపురాయి కొండ, లోపలంతా గుహలు. కొండ అంచుకు వచ్చిన వాగులు ఒక పెద్ద గుంటలోకి దిగి నేల కింద మాయమవుతాయి. అందుకే మీ నెత్తిన ఎండ కాస్తున్నా, ఎగువన పడ్డ వాన గుహలో ఒక్కసారిగా నీటిమట్టం పెంచేస్తుంది. గైడు వద్దంటే ఆగిపోండి, బతిమాలకండి. గైడు లేకుండా ఆ అభయారణ్యంలోకి వెళ్లనే కూడదు. గుహల్లోని నీళ్లలో మొసళ్లుంటాయి, మోకాలి లోతు కూడా దిగవద్దు. పైన ఉండే త్సింగీ రాళ్లు కత్తి అంచుల్లా నిలబడి ఉంటాయి. పట్టు తప్పి చెయ్యి ఆనించారంటే అరచెయ్యి చీలిపోతుంది. చెప్పులు పనికిరావు. దళసరి అడుగున్న బూట్లు, తోలు చేతితొడుగులు, మనిషికి కనీసం 3 లీటర్ల నీళ్లు, గట్టి కట్టుగుడ్డ దగ్గరుండాలి.

కానీ ఆ గుహలు అంతాంకారాన వాళ్లకు చూసొచ్చే చోటు కాదు. 19వ శతాబ్దం తొలి సగంలో మధ్య పీఠభూమి నుంచి మెరీనా జాతివాళ్ల సైన్యం తరుముకొస్తే, రాజు మొదటి త్సిమియారో తన జనంతో ఆ గుహల్లోనే తలదాచుకున్నాడు. ఆ తర్వాత వాళ్లు నోసీ మిత్సియో దీవికి చేరారు. రాజవంశం ఇస్లాం స్వీకరించింది కూడా ఆ కష్టకాలంలోనే. రాజుల సమాధులు కొన్ని ఆ గుహల్లోనే ఉన్నాయి. అంతాంకారాన అన్న పేరుకే రాళ్లకొండ మనుషులని అర్థం. కాబట్టి ఎముకలు, కుండలు, గుడ్డముక్కలు ఏవి కనిపించినా ముట్టుకోకండి, ఫోటో తీయకండి. సమాధి వైపు వేలు చాచి చూపించడం తప్పు. చూపించక తప్పకపోతే వేలిని మడిచి, కణుపుతో చూపించాలి.

సువార్త పనిలో చాలామంది తడబడేది కూడా ఈ చరిత్ర దగ్గరే. 1869లో మెరీనా రాణి రెండవ రణవలూన ప్రొటెస్టెంటు మతాన్ని రాజ్యమతం చేసింది. తమను తరిమిన రాజ్యమే చర్చిని చేతబట్టుకుంది. ఆ బరువు మీరు మోసుకెళ్తున్నారని మరిచిపోకండి. 1835లో అచ్చయిన మలగాసీ (మడగాస్కర్ భాష) బైబిలు మెరీనా మాట మీద నిలబడినదే. పెద్దగా చదివి వినిపించే ముందు అక్కడి యాసలో చెప్పగల స్థానిక విశ్వాసిని పక్కన పెట్టుకోండి. రాజధాని నుంచి దుబాసీని తీసుకెళ్తుంటే, అతను మెరీనావాడు కావచ్చు; గుహల దగ్గరకు మెరీనావాళ్లు రాకూడదన్న నిషేధం ఉంది, ముందే అడిగి తెలుసుకోవాలి. పలకరింపు కూడా రాజధానిలోలాగా కాదు, ఇక్కడ "మ్బోలా త్సారా" అంటారు.

ఊళ్లో అడుగుపెట్టగానే మైకు పెట్టకండి. ముందు పెద్దల దగ్గరకు, వీలైతే అంపాంజాక (అంటే రాజు) మనుషుల దగ్గరకు వెళ్లి వచ్చిన పని చెప్పండి. తర్వాత అక్కడి ఫాది, అంటే నిషేధాలు, విడివిడిగా అడగండి: ఏ రోజు పొలం పని కూడదు, ఏ తిండి తేకూడదు, ఏ చెట్టు, ఏ రాయి దగ్గరకు వెళ్లకూడదు? ఇవి ఊరికో తీరు, ఇంటికో తీరు. పంది మాంసం మాత్రం ఎక్కడికీ తీసుకెళ్లకండి. అనివొరానో దగ్గరి అంతాన్యావో చెరువు మొసళ్లు వాళ్లకు పూర్వీకులు. అందులో ఈదడం, రాళ్లు విసరడం చేయకండి.

పూర్వీకుల ఆత్మలు ఒంటి మీదికి వచ్చే త్రోంబాను మొదటి రోజే దయ్యమని తీర్మానించి ప్రసంగించే బృందాలున్నాయి. తలుపులు అక్కడే మూసుకుంటాయి. మసీదుకు వెళ్లేవాళ్లూ త్రోంబాకు కూర్చుంటారు, వినడానికి సమయం పెట్టండి. అయిదేళ్లకోసారి అంబాతోహారానానాలో స్తంభం నిలబెట్టే త్సాంగాత్సాయిన ఉత్సవం జరిగే రోజుల్లో కూటాలు పెట్టకండి.

ఇక ఆరోగ్యం. మలేరియా ఉన్న ప్రాంతం, క్లోరోక్విన్ మీద ఆధారపడలేం. డాక్టరు నివారణకు డాక్సీసైక్లిన్ రాస్తే రోజుకు 100 మి.గ్రా., ప్రయాణానికి 1, 2 రోజుల ముందు మొదలుపెట్టి తిరిగొచ్చాక 4 వారాలు వాడాలి. చాలామంది ఇంటికి రాగానే ఆపేస్తారు, జబ్బు అప్పుడే బయటపడుతుంది. హైదరాబాదు నుంచి అడిస్ అబాబా లేదా నైరోబీ మీదుగా వెళ్తూ అక్కడ 12 గంటలు దాటి ఆగేవాళ్లు పచ్చజ్వరం టీకా కనీసం 10 రోజుల ముందే వేయించుకుని కార్డు దగ్గర పెట్టుకోవాలి. తిరిగొచ్చాక నెలల తర్వాత జ్వరం వచ్చినా, మడగాస్కర్ వెళ్లొచ్చామని డాక్టరుకు చెప్పి అదే రోజు మలేరియా రక్తపరీక్ష చేయించుకోండి.